కొమ్మకు ఇచ్చే గడువు

మందార కొమ్మ విరిచి తడి నేలలో గుచ్చితే బతుకుతుంది. ఈ మాట చాలావరకు నిజం కావడం వల్లనే అందులో ఒక పనితనం ఉందని మనకు తోచదు. ఒకే చెట్టు, ఒకే వాన, ఒకే వీధి. ఒక ఇల్లాలు గుచ్చిన కొమ్మలన్నీ చిగురిస్తాయి, పక్కింటాయన గుచ్చినవి పుల్లలైపోతాయి. ఆమెది మంచి హస్తవాసి అనేసి ఊరుకుంటాం. ఆ చేతుల్ని దగ్గరగా చూస్తే వాసి కంటే వరస ఎక్కువ కనబడుతుంది: ఏది ముందు, ఏది తర్వాత, ఎక్కడ ఆగాలి అన్న వరస.

చెట్టు నుంచి తెగగానే కొమ్మకు నీరు అందడం ఆగిపోతుంది. ఆకుల్లోంచి మాత్రం తేమ పోతూనే ఉంటుంది. కాండంలో దాచుకున్న పిండి పదార్థం కొన్ని వారాలకే సరి. కోసిన చోట పచ్చి గాయం ఉంటుంది, బూజు జొరబడేది అక్కడినుంచే. మందార వేరు తొడగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు, గులాబీకి ఒక్కోసారి రెండు నెలలు పడుతుంది. ఈలోగా కొమ్మ ఎండకూడదు, కుళ్ళకూడదు, దాని తిండి అయిపోకూడదు. వేరు పుట్టించడం మనిషి వల్ల కాదు, అది కొమ్మ చేసుకోవలసిన పని. అది పూర్తయ్యేదాకా దానికి గడువు ఇవ్వడం ఒక్కటే మన చేతిలో ఉంది. మంచి చెయ్యి చేసే ప్రతి చిన్న పనీ ఆ గడువును ఇంకాస్త పెంచేదే.

మొదటి నేర్పు కొమ్మను ఎంచడంలో ఉంది. కొసన ఉన్న లేత కొమ్మలో చురుకు ఎక్కువ, నిల్వ తక్కువ. తెంపిన గంటకే తల వాల్చేస్తుంది. మొదట్లోని ముదురు కొమ్మలో నిల్వ ఉంటుంది గానీ వేరు వేయడానికి బద్ధకిస్తుంది. మందార, నందివర్ధనం, మల్లె, కాగితపు పూల మొక్కలకు ఈ రెంటికీ నడుమ, పచ్చదనం తగ్గి గోధుమరంగు తిరుగుతున్న సగం ముదురు కొమ్మ నమ్మకమైనది. వేళ్ళ మధ్య వంచి చూస్తే తెలుస్తుంది. లేతది తీగలా వంగుతుంది, మరీ ముదిరింది వంగనే వంగదు, సరైనది కొంత వంగి పుటుక్కుమంటుంది. మందం పెన్సిలంత, పొడవు జానెడు, మూడు నాలుగు కణుపులు. మొగ్గలున్న కొమ్మను వదిలేస్తారు, ఉన్న కాస్త తిండీ పువ్వుకే పోతుంది గనక. కోత తెల్లవారుజామున. రాత్రంతా నీరు తాగి కొమ్మ నిండుగా ఉండే వేళ అదే. కోసిన వెంటనే తడిగుడ్డలో చుడతారు.

తర్వాత కోత. కింది కోత కణుపుకు కాస్త దిగువన పడాలి. చాలా మొక్కల్లో వేళ్ళు ఆ చుట్టుపక్కలే త్వరగా వస్తాయి. కణుపుకు మరీ దూరంగా కోస్తే మిగిలిన తోక కుళ్ళి, ఆ కుళ్ళు పైకి పాకుతుంది. కత్తెర మొండిదైతే కాండం తెగడానికి ముందే నలుగుతుంది. నలిగిన కణాలు మానవు. అందుకే అనుభవం ఉన్నవాళ్ళు కొమ్మల కత్తెరతో (సికేచర్) కొమ్మను చెట్టు నుంచి వేరుచేసి, చివరి కోత మాత్రం పదునైన బ్లేడుతో ఒక్క దెబ్బన వేస్తారు. కింద ఏటవాలుగా, పైన అడ్డంగా కోయడం చాలామందికి అలవాటు. గంపెడు ముక్కలు కలిసిపోయినా ఏది తల, ఏది కాలు అన్నది వేలికి తగిలి తెలిసిపోతుంది.

ఈ తల, కాలు తేడా చూడటం ఉత్త జాగ్రత్త కాదు. జర్మన్ వృక్షశాస్త్రవేత్త హెర్మన్ ఫ్యోష్టింగ్ విల్లో కొమ్మలను నిటారుగానూ తలకిందులుగానూ వేలాడదీసి చూసి, 1878లో తన పుస్తకంలో తేల్చింది ఇదే. ఎటు తిప్పి పెట్టినా, చెట్టు మీద ఉన్నప్పుడు కిందుగా ఉన్న కొస నుంచే వేళ్ళు బలంగా వస్తాయి. కారణం తర్వాతి తరాలకు తెలిసింది. మొగ్గల్లో, లేత ఆకుల్లో తయారయ్యే ఆక్సిన్ అనే పదార్థం కణం నుంచి కణానికి కిందికే ప్రయాణిస్తుంది. దారి తెగిన చోట, అంటే మన కోత దగ్గర, పోగుపడుతుంది. ఆ పోగు అందిన కణాలే వేరు మొనలుగా మారతాయి. 1935లో అమెరికాలోని బాయ్స్ థాంప్సన్ ఇన్‌స్టిట్యూట్‌లో జిమ్మర్‌మన్, విల్కాక్సన్ అనే ఇద్దరు ఇండోల్ బ్యుటిరిక్ ఆమ్లం వేళ్ళను బాగా పుట్టిస్తుందని చూపారు. ఇప్పుడు విత్తనాల దుకాణంలో వేరు హార్మోన్ పేరుతో దొరికే తెల్లటి పొడిలో తరచుగా ఉండేది అదే.

పొడి వాడకంలోనూ చెయ్యి తెలిసిపోతుంది. కొత్తవాళ్ళు బలం కోసమని మందంగా అద్దుతారు. మోతాదు మించితే అదే మందు కొమ్మ మొదలును నల్లబరుస్తుంది. తెలిసినవాళ్ళు చిటికెడు పొడిని కాగితం మీద పోసుకుని, కొమ్మ అడుగున అంగుళం కంటే తక్కువే ముంచి, వేలితో తట్టి ఎక్కువైంది రాల్చేస్తారు. ఇసుకలో ముందే పుల్లతో కన్నం చేసి అందులో దించుతారు. నేరుగా గుచ్చితే అద్దిన పొడి అంతా పైనే ఒరుసుకుపోతుంది.

కోసిన చోట ఏదో ఒకటి పూయాలన్న ఆలోచన పాతదే. కౌటిల్యుడి అర్థశాస్త్రం వ్యవసాయాధ్యక్షుడి విధులు చెబుతూ, ముక్కలుగా నాటే పంటల కోతకు తేనె, నెయ్యి, పందికొవ్వు పేడతో కలిపి పూయమంటుంది. వరాహమిహిరుడి బృహత్సంహితలోని వృక్షాయుర్వేద అధ్యాయం దానిమ్మ, ద్రాక్ష వంటి వాటిని పేడ పూసిన కొమ్మలతో నాటమంటుంది. ఆ రెండింటినీ ఈనాటికీ కొమ్మలతోనే పెంచుతున్నారు.

ఆకుల విషయంలో చేసే బేరం అన్నిటికంటే సున్నితం. ఆకులన్నీ ఉంచితే కొమ్మ ఎండుతుంది. అన్నీ తీసేస్తే లేత కొమ్మకు తిండీ ఆక్సినూ రెండూ తగ్గుతాయి. కాబట్టి కింది ఆకులు తుంచి, పైన రెండింటిని మాత్రం ఉంచి, అవి పెద్దవైతే అడ్డంగా సగానికి కత్తిరిస్తారు. నర్సరీల్లో సగం ఆకులతో నిలబడ్డ క్రోటన్ కొమ్మలు చూడటానికి వికారంగా ఉంటాయి గానీ వాటి వెనుక ఉన్న లెక్క అందమైనది.

ఇక నాటే చోటు. బలం కోసమని ఎరువు కలిపిన మట్టి ఇక్కడ పనికిరాదు. వేరు లేని కొమ్మ ఎరువును తీసుకోలేదు, కుళ్ళు మాత్రం దాన్ని ఆనందంగా తీసుకుంటుంది. కడిగిన ఏటి ఇసుక, లేదా ఇసుకా కొబ్బరి పొట్టూ (కోకోపిట్) సగం సగం చాలు. కావలసినవి తేమా గాలీ. రెండు కణుపులు లోపలికి వెళ్ళేలా దించి, చుట్టూ వేళ్ళతో అదుముతారు. పైన పారదర్శకమైన పాలిథిన్ సంచి బోర్లించి, నేరుగా ఎండ తగలని వెలుగులో పెడతారు. సంచి లోపల నీటి బొట్లు కట్టినంతకాలం నీళ్ళు పోయనక్కర్లేదు. రోజుకోసారి సంచి ఎత్తి గాలి ఆడనిస్తే బూజు పట్టదు. మృగశిర, ఆరుద్ర కార్తెల్లో ఈ సంచి అవసరం కూడా అంతగా ఉండదు. ముసురు పట్టిన ఆకాశమే ఆ పని చేస్తుంది. మన పెద్దవాళ్ళు తొలకరికి కొమ్మలు గుచ్చింది అందుకే.

ఆపై చేయవలసిన పని ఏమీ చేయకుండా ఉండటం. ఇదే కష్టం. పదిహేను రోజులకు చిన్న చిగురు కనబడగానే ఇంటిల్లిపాదీ సంబరపడి కుండీ మార్చేస్తారు, నాలుగు రోజులకు అది వాడిపోతుంది. ఆ చిగురు తరచుగా కాండంలోని నిల్వతోనే వస్తుంది. సంపాదన మొదలుకాకుండా మూలధనంతో పెళ్ళి చేసిన ఇల్లు లాంటిది అది. చెయ్యి తిరిగినవాళ్ళు చిగురును నమ్మరు. రెండో జత ఆకులు విప్పారేదాకా ఆగి, కొమ్మను రెండు వేళ్ళతో పట్టుకుని ఏమాత్రం బలం పెట్టకుండా పైకి లాగి చూస్తారు. ఇసుక తిరిగి పట్టి లాగితే వేరు ఉన్నట్టు. సులువుగా కదిలితే చప్పుడు చేయకుండా వదిలేస్తారు.

నియమాలు ఇలా చెప్పుకుపోతే అన్ని మొక్కలూ ఒక్కటే అనిపిస్తుంది. కానీ మొక్కను బట్టి నియమం తిరగబడుతుంది. దేవగన్నేరును కోసిన వెంటనే నాటితే కుళ్ళుతుంది. పాలు కారడం ఆగి, గాయం పొరకట్టేదాకా నీడలో వారం రోజులు ఆరబెట్టాలి. మందారకు ప్రాణం తీసే ఆరబెట్టడమే దీనికి ప్రాణం పోస్తుంది. పసుపు అంచు స్నేక్ ప్లాంట్ ఆకును ముక్కలు చేసి గుచ్చితే మొక్కలైతే వస్తాయి, అంచు రాదు. ఆ పసుపు ఒక పొర కణాలకే చెందింది, కొత్త మొక్క పుట్టేది వేరే కణాల నుంచి. అంచు కావాలంటే దుంపను పిలకతో సహా విడదీయాలి. ఢిల్లీ కనకాంబరం సంగతి ఇంకో రకం. ప్రతి క్రోమోజోమూ మూడేసి ఉన్న ఈ రకానికి విత్తనం కట్టదు. మార్కెట్లో ఆ దండ కనబడిన ప్రతిచోటా వెనుక ఎవరో కొమ్మ కోసి నాటిన చెయ్యి ఉన్నట్టే లెక్క.

ఆ చేతుల్ని పెద్ద ఎత్తున చూడాలంటే రాజమహేంద్రవరం పక్కన కడియం, కడియపులంక నర్సరీలకు వెళ్ళాలి. గోదావరి ఒండ్రు నేల, కాలువ నీరు అక్కడి వ్యాపారానికి ఆధారాలు. కొమ్మలు కోసి కవర్లలో పెట్టే పని వేలల్లో సాగే చోట కోతకు ఆలోచించే వ్యవధి ఉండదు. కణుపు ఎక్కడుందో చూపుకంటే ముందు బొటనవేలు కనిపెడుతుంది. మనం పుస్తకం చూసి చేసే ఎనిమిది పనులు అక్కడ ఒకే కదలికలో అయిపోతాయి. ఇంట్లో మనకు ఆ వేగం అక్కర్లేదు గానీ వరస అదే.

కొమ్మతో పెంచిన మొక్క తల్లికి అచ్చమైన నకలు, గుణంతోపాటు రోగాన్నీ తెస్తుంది. కాబట్టి ముడుతలు పడ్డ ఆకుల మొక్క నుంచి ఎంత నేర్పుగా కోసినా లాభం లేదు. బతికిన వాటిలోనూ అన్నిటినీ ఉంచుకోరు. వేళ్ళు ఒకే పక్కకు వచ్చిన మొక్క రేపు గాలికి ఒరుగుతుంది, చుట్టూ వచ్చినదాన్నే కుండీకి మారుస్తారు. అలా మార్చిన మందార నెల తిరగకుండా మొగ్గ తొడిగితే, చూడాలన్న ఆశ ఎంతున్నా, ఆ మొగ్గను గిల్లేస్తారు. ఆకులు తుంచడంతో మొదలైన బేరానికి ఇదే చివరి మెట్టు. పువ్వుకు పోయే బలం వేళ్ళకు మళ్ళితే మరుసటి పూతకు కొమ్మకొమ్మకూ మొగ్గలుంటాయి. పనితనం తెలిసినవాళ్ళు ఆ ఒక్క పువ్వును వదులుకోవడానికి వెనకాడరు.