బోను తీసేశారు, కందకం తవ్వారు

జూలలో జంతువులకు 'సహజ ఆవాసాలు' కట్టాలన్న మాట ఇప్పుడు బాగా వినిపిస్తోంది. ఇనుప చువ్వలు పోతున్నాయి. గుట్టలు, సెలయేళ్లు, చెట్లు వస్తున్నాయి. మంచిదే. బోనులో పులి అటూ ఇటూ తిరుగుతుంటే చూసి సంతోషించేవాళ్లం కాదు మేము. అయినా అడవిలో పుట్టినవాళ్లంగా ఒక మాట అడగాలి. ఈ బొమ్మ అడవిని ఎవరి కళ్ల కోసం కడుతున్నారు?

చువ్వలు లేని జూ 1907లో జర్మనీలో, హాంబర్గ్ దగ్గర మొదలైంది. కట్టించినవాడు జంతువుల వ్యాపారి కార్ల్ హాగెన్‌బెక్. సిమెంటుతో కొండలు పోయించాడు, చూసేవాళ్లకు కనపడకుండా కందకాలు తవ్వించాడు. సింహానికీ మనిషికీ మధ్య ఏమీ లేనట్టే ఉంటుంది. ఈనాటికీ జూలు కట్టేవాళ్లు ఆయన పేరును గౌరవంగా తలుచుకుంటారు.

వాళ్లు అంతగా తలుచుకోని సంగతి ఇంకొకటి ఉంది. అంతకు చాలా ముందే, 1870లలోనే, ఈ హాగెన్‌బెక్ ఉత్తరాది నుంచి సామీ ఆదివాసులను రెయిన్‌డీర్లతో సహా రప్పించి టిక్కెట్టు పెట్టి చూపించాడు. 1880లో లాబ్రడార్ నుంచి ఎనిమిది మంది ఇన్యూట్‌లను ఆయన మనిషే తీసుకొచ్చాడు. బెర్లిన్ జూలో కూడా వాళ్లను ప్రదర్శనకు పెట్టారు. మశూచి టీకాలు సకాలంలో వేయించలేదు. కొద్ది నెలల్లోనే, 1881 జనవరికల్లా, ఎనిమిది మందీ మశూచితో చనిపోయారు. వారిలో అబ్రహాం ఉల్రికాబ్ చదువుకున్నవాడు. తన భాషలో రోజువారీ రాసుకున్నాడు. ఆ మూలం పోయింది, ఒక మిషనరీ చేసిన జర్మన్ అనువాదం మిగిలింది. ఆదివాసీ రచయితలమని చెప్పుకునే మనం గుర్తుపెట్టుకోవలసిన పేరు అది.

ఈ రెండు సంగతులనూ మేము విడదీసి చూడలేం. బతికే చోటు నుంచి ప్రాణిని లేపి తెచ్చి, ఆ చోటు బొమ్మను వెనకాల నిలబెట్టడం రెండింట్లోనూ ఉన్న పనితనం. కందకం జంతువు కోసం తవ్వింది కాదు, చూపుకు అడ్డు లేకుండా తవ్వింది.

తర్వాతివాళ్లు ఇంకా ముందుకు వెళ్లారు. అమెరికాలో సియాటిల్ నగరంలోని వుడ్‌లాండ్ పార్క్ జూలో 1970ల చివర గొరిల్లాలకు పచ్చని చోటు కట్టారు. చూసేవాడు కూడా ఆ చెట్ల మధ్యనే నడవాలన్నది వాళ్ల ఆలోచన. అప్పటిదాకా నున్నటి గదుల్లో ఉన్న గొరిల్లాలకు అది నిజంగా మేలే. కానీ ఆ దారిలో కట్టిన చాలా జూలలో ఒక మాయ ఉంది. జంతువు విరిచేస్తుందని, బెరడు ఒలిచేస్తుందని పచ్చని చెట్లకు సన్నటి కరెంటు తీగ చుడతారు. అంటే చెట్టు కనపడుతుంది, అందదు. ఏనుగుకు అందని కొమ్మను అడవి అని మనం ఎట్లా అంటాం?

ఎలుగునే తీసుకోండి. మన ఎలుగుకు పైదవడ మధ్యలో రెండు పళ్లుండవు. ఆ సందులోంచే చెదపురుగులను పీలుస్తుంది. పొడుగాటి గోళ్లతో పుట్ట తవ్వి, దుమ్ము ఊది, జుర్రున లాగుతుంది. ఆ చప్పుడు చాలా దూరం వినిపిస్తుంది. వేసవిలో ఇప్పపువ్వుకు తెల్లవారకముందే వెళ్లే మన ఆడవాళ్లకు అది ఏ చెట్టు కింద ఎదురవుతుందో తెలుసు. తర్వాత తునికి పళ్లు, రేలకాయల గుజ్జు, తేనెపట్టు. ఏడాదంతా దానికి పనే. ఒక పళ్లెంలో గంజి, పళ్లు పెట్టి, ఎదురుగా రంగు వేసిన సిమెంటు గుట్ట కడితే అది తిన్న తర్వాత ఏం చేయాలి? తల ఊపుకుంటూ కూర్చుంటుంది. పిల్లలు అది ఆడుతోందనుకుని చప్పట్లు కొడతారు.

స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త హైనీ హెడిగర్ 1942లోనే ఈ మాట వేరే తీరులో చెప్పాడు. ఎంత జాగా ఇచ్చామన్నదానికన్నా ఆ జాగాలో ఏముందన్నది ముఖ్యమని. పుట్ట పెరిగే మట్టి, గోకడానికి బెరడు, తవ్వడానికి నేల కావాలి. తవ్విన నేల మళ్లీ లేవాలంటే దాన్ని కొన్నాళ్లు వదిలేయాలి. అమెరికాలో లూయీవిల్ జూలో జంతువులను ఒక ఆవరణ నుంచి ఇంకో ఆవరణకు వంతులవారీగా మారుస్తారు. పోడు కొట్టి, నేలను బీడు పెట్టి, మళ్లీ వచ్చిన తాతల మనవలకు ఇందులో వింతేముంది? పోడును మాత్రం నేరమన్నారు.

నిలకడ అంటే నీళ్ల లెక్క, కరెంటు లెక్క కూడా. అక్వేరియం ఈ లెక్కలో మరీ ఖరీదైనది. పంపు ఆగితే చేప బతకదు. ఎండలో కాలే సిమెంటు మీద ఫ్యాన్లు పెట్టడం కంటే చెట్టు నీడ చవక. 1977లో తెరిచిన విశాఖ జూ కంబాలకొండ అడవిని ఆనుకునే ఉంది. అక్కడ మట్టికీ చెట్టుకీ నమూనా బయటి దేశం నుంచి తెచ్చుకోనక్కర్లేదు, కంచె అవతలే ఉంది.

నల్లమలలో పులి జాడ పట్టడానికి అటవీశాఖ చెంచులను వాచర్లుగా పెట్టుకుంది. వాళ్ల కన్ను కావాలి, కాలు కావాలి. అదే పులి పేరు చెప్పి వాళ్ల పెంటలను మాత్రం అడవి బయటికి పొమ్మంటున్నారు. జూకు మాస్టర్ ప్లాన్ గీసేటప్పుడు పశువైద్యుడు, ఇంజినీరు కూర్చుంటారు. ఆ బల్ల దగ్గర చెంచుకు ఒక కుర్చీ వేయండి, వాచర్ కూలి కాకుండా ఇంజినీరుకు ఇచ్చే ఫీజే ఇవ్వండి. ఎలుగుకు గుట్ట ఎక్కడ వద్దో, పుట్ట ఎక్కడ కావాలో ఆయన చెబుతాడు.