తాకి ఇడిసిపెట్టు

ఫోన్ నేర్పడానికి వచ్చే పిల్లలకు నేను మొదట చెప్పే మాట ఒకటే. నేర్చుకునేవాళ్ల ఫోన్ మీ చేతిలోకి తీసుకోవద్దు. వినడానికి చిన్న మాటే గానీ, పాటించడం ఎంత కష్టమో ఒక్క పూట కూర్చుంటే తెలుస్తుంది. ఎదుటి మనిషి వేలు తెర మీద తడబడుతుంటుంది. నొక్కాల్సిన బొమ్మ మన కళ్లకు కనిపిస్తూనే ఉంటుంది. చెయ్యి దానంతటదే ముందుకు పోతుంది. ‘ఇటియ్యమ్మా’ అని తీసుకుని క్షణంలో పని చేసి ఇచ్చేస్తాం. ఆమె సంతోషంగా వెళ్తుంది. మళ్లీ నెలకు అదే పని మీద అదే మనిషి వస్తుంది.

మహబూబాబాద్ జిల్లా గార్లలో పొదుపు సంఘాల ఆడవాళ్లకు, హమాలీల ఇళ్లవాళ్లకు, చుట్టుపక్కల తండాల నుంచి వచ్చేవాళ్లకు ఆదివారాలు ఫోన్ నేర్పుతున్నాను. కమ్యూనిటీ హాల్లో చాపలు పరిస్తే అదే తరగతి గది. మిరప ఏరే రోజుల్లో వచ్చేవాళ్లు తగ్గుతారు. వచ్చినవాళ్ల వేళ్లేమో మండుతూ, పగిలి, ఎండిపోయి ఉంటాయి. ఆ వేళ్ల ముద్రలు రేషన్ డీలర్ దగ్గర మిషన్‌కే సరిగా పడవు. తెర కూడా వాటిని ఒక్కోసారి గుర్తుపట్టదు.

‘నా ఏలికి ఇది పలుకుతలేదు బిడ్డా’ అంది మొన్న ఒక అవ్వ. తడిబట్టతో వేలు తుడుచుకుని మళ్లీ నొక్కింది. ఈసారి పలికింది కానీ, బొమ్మలన్నీ కదలడం మొదలుపెట్టాయి. పైన ‘తీసివేయి’ అన్న మాట వచ్చింది. అవ్వ ఫోన్ చాప మీద పెట్టేసి చేతులు వెనక్కి తీసుకుంది, ఏదో పాడుచేశానన్న భయంతో. జరిగిందేమిటంటే ఆమె గట్టిగా, ఎక్కువసేపు నొక్కింది. మోటారు స్టార్టర్ అయినా, పాత బటన్ ఫోన్ అయినా గట్టిగా నొక్కితేనే పనిచేస్తుందని ఆమె చేతికి తెలుసు. ఈ తెరకు బలం లెక్కలేదు, సమయమే లెక్క. వేలు ఆగితే అది వేరే హుకుం అనుకుంటుంది. ‘గట్టిగ నొక్కకు అవ్వా, తాకి ఇడిసిపెట్టు’ అన్నాను. తాకింది, ఇడిసిపెట్టింది. కదులుతున్న బొమ్మలు ఆగాయి.

ఈ ఒక్క సంగతి వేలికి తెలియడానికి నేను వాడే పరికరం క్యాలిక్యులేటర్. అందులో ఏది నొక్కినా డబ్బు పోదు, ఎవరికీ ఫోన్ వెళ్లదు. అంకెలు పెద్దవి. చదువు రానివాళ్లకు కూడా అంకెలు వస్తాయి, బస్సు నంబర్లూ ఫోన్ నంబర్లూ నేర్పిన చదువది. మిరప ఏరిన కూలి కిలో లెక్కన కడతారు కాబట్టి, ఏరిన కిలోలు, కిలోకి ఇచ్చే రూపాయలు వాళ్లనే కొట్టమంటాను. మేస్త్రీ చెప్పిన మొత్తం, తెర మీద వచ్చిన మొత్తం ఒకటే అయినా సరే, ఆ లెక్క తమ వేలితో తేల్చుకున్న ఆడవాళ్ల మొహాలు చూడాలి. ఆ తర్వాతే నాలుగు మాటలు అడుగుతారు. అక్కడినుంచి క్లాసు వాళ్లది.

ఇంత నెమ్మదిగా నేర్పితే ఎప్పటికి పూర్తవుతుందని అడిగేవాళ్లున్నారు. తొందరపడితే ఏమవుతుందో మనం చూశాం. 2017లో కేంద్రం ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్ మొదలుపెట్టింది. ఇంటికొకరు చొప్పున 6 కోట్ల పల్లె కుటుంబాలకు నేర్పాలన్నది లక్ష్యం. 14 నుంచి 60 ఏళ్ల లోపువాళ్లకు 20 గంటల శిక్షణ, చివర్లో ఆన్‌లైన్ పరీక్ష. 2024 మార్చిలో పథకం ముగిసేనాటికి 6.39 కోట్ల మంది శిక్షణ పొందినట్టు లెక్క తేలింది. శిక్షణ సంస్థకు డబ్బు వచ్చేది సర్టిఫికెట్ అందుకున్న ఒక్కొక్కరికి 300 రూపాయల చొప్పున. అలాంటప్పుడు సంస్థ ఎవరిని కూర్చోబెట్టుకుంటుంది? త్వరగా పాసయ్యే ఇంటర్ పిల్లవాణ్నా, బొమ్మలు కదిలితే ఫోన్ కింద పెట్టేసే అవ్వనా? అవ్వకు 60 దాటితే అసలు అర్హతే లేకపోయింది. పింఛను, రేషను, గ్యాసు అన్నింటికీ వేలిముద్రలూ ఓటీపీలూ అడిగేది మాత్రం ఆమెనే. ఆ పథకంలో శ్రద్ధగా నేర్పినవాళ్లు లేరని కాదు, నేర్చుకున్నవాళ్లూ ఉన్నారు. కానీ డబ్బు సర్టిఫికెట్‌కు ముడిపడినప్పుడు చదువు వెనకబెంచీకి పోతుంది. ఆ పథకం నడుస్తుండగానే జరిగిన 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవాళ్లు 26.5 శాతమే.

ఇంకో సంగతి. ఆ పథకం పేరులోనే గ్రామీణం ఉంది. గార్ల స్టేషన్‌లో రైలెక్కి హైదరాబాద్ వెళ్లి, ఏ బస్తీలోనో రేకుల గదిలో ఉంటూ ఇళ్లల్లో పనిచేసుకునే మన ఊరి ఆడమనిషి అక్కడ దాని లెక్కలోకి రాలేదు. ఊళ్లో ఉంటే అర్హురాలు, ఊరు దాటితే కాదు. సాఫ్ట్‌వేర్ కంపెనీల నీడలో ఉన్న బస్తీల్లో స్వేచ్ఛ వంటి సంస్థల వలంటీర్లు సాయంత్రాలు పిల్లలకు కంప్యూటర్ నేర్పిన సందర్భాలున్నాయి. అది మంచి పని, కానీ అంత నగరం ముందు అది చాలా చిన్నది.

బస్తీలో పెట్టే కంప్యూటర్ కేంద్రం ఎలా ఉండాలన్న ప్రశ్న పాతదే. అమెరికాలో ఆంటోనియా స్టోన్ అనే లెక్కల టీచర్ 1983లో న్యూయార్క్‌లోని హార్లెంలో, పేదలకు సర్కారు కట్టిన ఇళ్ల సముదాయం సెల్లార్‌లో అందరికీ తలుపులు తెరిచిన కంప్యూటర్ కేంద్రం పెట్టింది. అలాంటి కేంద్రాలు ఆ తర్వాత ఆ దేశమంతటా వచ్చాయి. మన దేశంలో 1999లో సుగతా మిత్రా ఢిల్లీ కాల్కాజీలో మురికివాడ పక్కన గోడలో కంప్యూటర్ బిగించి వదిలేస్తే, పిల్లలు ఎవరూ చెప్పకుండానే వాడటం నేర్చుకున్నారు. ఆ ప్రయోగం గురించి విన్నవాళ్లు ‘టీచర్ ఎందుకు, వాళ్లే నేర్చుకుంటారు’ అంటుంటారు. పిల్లల విషయంలో కొంతవరకు నిజం. పిల్లలకు తప్పు నొక్కితే పోయేదేమీ లేదు. నా క్లాసులో కూర్చున్న ఆడమనిషికి ఆ ఫోన్‌లోనే బ్యాంకు ఖాతా ఉంది, హైదరాబాద్ నుంచి కొడుకు పంపిన డబ్బుంది. ఆమె భయం న్యాయమైనది. పక్కన ఒక మనిషి కూర్చోవాలి.

మనకు దగ్గరి పాఠం నెల్లూరులో ఉంది. 1990ల మొదట్లో అక్కడ అక్షర దీపం అనే సాక్షరతా కార్యక్రమం రాత్రిబడుల్లో ఆడవాళ్లు అక్షరాలు దిద్దారు. వాచకంలో తాగుబోతు భర్త వల్ల నలిగిపోయే సీతమ్మ కథ వచ్చింది. అది తమ ఇంటి కథే అనుకున్నారు. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణాన్ని మూయించారు. ఉమ్మడి రాష్ట్రమంతా కదిలింది. 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధం వచ్చింది. పాఠం వాళ్ల బతుకులోంచి వచ్చింది కాబట్టి పట్టుకుంది.

మా హాల్లో అంత పెద్ద సంగతులేమీ జరగవు. జరిగేది ఇది. కొడుకు పంపిన డబ్బు పడిందో లేదో చూడటానికి ఒకామె ఎప్పుడూ కిరాణా కొట్టుకు వెళ్లేది. పిన్ ఆ కొట్టాయనే పెట్టాడు, ఆయనకే గుర్తుంది. చెడ్డవాడు కాదు, నిజంగా సాయం చేశాడు. అయినా ఆమె ఖాతాలో ఎంతుందో ఆమెకన్నా ముందు ఆయనకు తెలుస్తుంది. అప్పు తీర్చమని ఎప్పుడు అడగాలో కూడా. పిన్ మార్చుకోవడం నేర్పిన రోజున మిగతావాళ్లందరినీ అటు తిరిగి కూర్చోమన్నాను, నేనూ తిరిగాను. ‘అయ్యింది మేడం’ అంది కాసేపటికి. ఆ నంబరు నాకు తెలియదు, తెలియకూడదు. డబ్బు పంపడానికి, ఖాతాలో ఎంతుందో చూడటానికి పిన్ కావాలి, డబ్బు రావడానికి అక్కర్లేదు అన్న మాట ప్రతి ఆదివారం అందరిచేతా చెప్పిస్తాం. సైబర్ మోసం జరిగితే ఫోన్ చేయాల్సిన 1930ని గోడ మీద పెద్ద అంకెల్లో రాయించాం.

ఒక కొరత మాత్రం నా వల్ల తీరదు. మహబూబాబాద్ జిల్లాలో మూడో వంతుకు పైగా గిరిజనులే. తండాల నుంచి వచ్చే పెద్దవాళ్లు తమలో తాము లంబాడీలో మాట్లాడుకుని, నాతో అడగాల్సింది సగమే తెలుగులో అడుగుతారు. మిగతా సగం నాకు అందదు. ఫోన్‌లో నోటితో చెబితే తెలుగు రాసిపెట్టే సదుపాయం ఉందిప్పుడు. వాళ్ల మాటకు అది కూడా తడబడుతుంది. ఇక్కడ కావాల్సింది యాప్ కాదు, ఆ ఇంటి భాష తెలిసిన మనిషి.

గార్ల, డోర్నకల్, బయ్యారం చుట్టుపక్కల తండాల్లో డిగ్రీ చదువుతున్న ఆడపిల్లలున్నారు. వాళ్లను అడుగుతున్నాను: ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు మాకివ్వండి. కంప్యూటర్ కోర్సు చేసి ఉండనక్కర్లేదు. మీ అమ్మ పక్కన కూర్చున్నట్టు కూర్చోండి, ఆమె భాషలో చెప్పండి, ఫోన్ మాత్రం ఆమె చేతిలోనే ఉండనివ్వండి. హాలు తాళం పంచాయతీ ఆఫీసు పక్కింట్లో ఉంటుంది.