లోపల వదిలిన అంగుళం

తెలుగు ఇళ్ళలో కుట్టు మిషను ముందు కూర్చున్నవాళ్ళు సాధారణంగా మొదట నేర్చేది లంగా, ఆ తర్వాత జాకెట్టు. లంగాకు తిన్నని కుట్లు వస్తే చాలు. జాకెట్టుకు ఒంటి వంపులన్నీ లెక్కలోకి రావాలి. రవిక అన్నా, జాకెట్టు అన్నా, తెలంగాణ పల్లెల్లో రైక అన్నా అదే వస్త్రం. హుక్కులు వాడుకలోకి రాకముందు దాని ముందు కొసలు రెండూ తెచ్చి ముడివేసుకునేవారు. ముడి కాబట్టి ఒళ్ళు చేసినా, చిక్కినా అదే రవిక సరిపోయేది. హుక్కులతో, టక్కులతో ఒంటికి అతుక్కునే కోత వచ్చాక ఆ వెసులుబాటు పోయింది. దాన్ని తిరిగి తెచ్చింది ఇంటి కుట్టులోని ఒక అలవాటు: పక్క కుట్టులో గుడ్డను కత్తిరించేయకుండా లోపల వదలడం.

దర్జీకి ఇచ్చే జాకెట్టు వెంట ఆది జాకెట్టు వెళ్తుంది. బాగా కుదిరిన పాత జాకెట్టునే కొలతగా ఇవ్వడం చాలా తేలికైన పద్ధతి. కానీ ఆదిలో ఉన్న తప్పు కూడా కొత్తదానిలోకి దిగుతుంది. పదేపదే ఉతికిన మెడ సాగి ఉంటుంది, చంక దగ్గర ఎప్పుడో విప్పి మళ్ళీ వేసిన కుట్టు ఉంటుంది, భుజం ఒక పక్కకు జారి ఉంటుంది. అందుకే సొంతంగా కుట్టుకునేవారు కనీసం ఏడాదికోసారి టేపుతో ఒంటినే కొలుచుకోవడం మంచిది. పొడవు, భుజం, ఛాతి, నడుము, చంక చుట్టు, చేతి పొడవు, చేతి చుట్టు, ముందు మెడ లోతు, వెనక మెడ లోతు: ఈ తొమ్మిదీ నోటుపుస్తకంలో తేదీ వేసి రాసుకుంటే నాలుగేళ్ళలో ఒళ్ళు ఎలా మారిందో ఆ పేజీల్లోనే కనిపిస్తుంది. టేపు పట్టేటప్పుడు ఊపిరి బిగపట్టకూడదు. బిగపట్టి తీసిన కొలతతో కుట్టిన జాకెట్టు పెళ్ళి భోజనం దాకా ఆగదు.

గుడ్డ సంగతి కోతకు ముందే తేల్చుకోవాలి. నూలు గుడ్డ మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది, లైనింగు మరో తీరుగా కుంచించుకుంటుంది. రెండింటినీ విడివిడిగా నీళ్ళలో నానబెట్టి, నీడన ఆరబెట్టి, ఇస్త్రీ చేశాకే కత్తెర పెట్టాలి. ఈ పని మానేస్తే మొదటి ఉతుకు తర్వాత పైగుడ్డ ముడతలుపడి లైనింగు తొంగిచూస్తుంది. మేచింగ్ జాకెట్లకు అమ్మే టూ బై టూ గుడ్డలో పడుగూ పేకా రెండూ జంట పోగులతో నేసినవి. అందుకే అది పలచగా కనిపించినా గట్టిగా ఉంటుంది, లైనింగు లేకుండానూ కుట్టుకోవచ్చు.

గుడ్డకు మూడు దిక్కులు. పడుగు వెంట లాగితే దాదాపు సాగదు. పేక వెంట కొద్దిగా సాగుతుంది. ఐమూలగా, అంటే 45 డిగ్రీల వాలులో లాగితే బాగా సాగుతుంది, ఎందుకంటే అక్కడ పోగు సాగడం లేదు, రెండు పోగుల మధ్య నలుచదరపు గడి వాలిపోతోంది. క్రాస్ కటింగ్ జాకెట్టు రహస్యమంతా ఇదే. ముందు ముక్కలను గుడ్డ మీద ఐమూలగా పెట్టి కోస్తే ఛాతి వంపుకు గుడ్డే లొంగుతుంది. వెనక ముక్కను, చేతులను మాత్రం నిలువు పోగుకే పెడతారు. ఐమూల కోతకు గుడ్డ కాస్త ఎక్కువ పడుతుంది కాబట్టి చీరతో వచ్చిన 80 సెంటీమీటర్ల ముక్కలో పొడుగు చేతులూ క్రాస్ కటింగూ రెండూ సర్దడం కష్టం. అలాంటప్పుడు చేతులకు అంచు వచ్చేలా ముందు వాటిని పెట్టి, మిగిలినదాంట్లో ముందు వెనక ముక్కలు సర్దుకోవాలి.

కోతకు కాగితం నమూనా తప్పనిసరి అనుకోవాలి. దినపత్రిక కాగితం చాలు. ఛాతి 36 అంగుళాలైతే అందులో నాలుగో వంతు 9. కదలికకు మరో అర అంగుళం. పైన కుట్టుకూ లోపల వదిలేందుకూ కలిపి ఒకటిన్నర నుంచి రెండు అంగుళాలు. ముందు చంక వంపు వెనకదానికంటే అర అంగుళం లోతుగా ఉండాలి, చేతులు ముందుకే ఎక్కువగా కదులుతాయి గనుక. చేతి ముక్క పై వంపులోనూ ఇదే తేడా ఉంటుంది. గుడ్డను జంటగా మడవకుండా చేతులు ఒక్కొక్కటిగా కోసినవారిలో రెండూ ఒకే భుజానికి వచ్చిన అనుభవం చాలామందికి ఉంటుంది. మెడను మాత్రం అనుకున్నదానికంటే పావు అంగుళం తక్కువ కోయాలి. వంపు దగ్గర గుడ్డ ఐమూలకు వస్తుంది, చేతిలో ఆడినకొద్దీ సాగుతుంది. తక్కువ కోసిన మెడను పెంచుకోవచ్చు.

టక్కు అంటే చదునైన గుడ్డను గుండ్రంగా చేసే మడత. నాలుగు టక్కుల జాకెట్టులో వాటి మొనలన్నీ ఛాతి ఎత్తు వైపు చూస్తాయి, కానీ అక్కడికి చేరవు. ముప్పావు అంగుళం నుంచి అంగుళం దూరంలో ఆగిపోవాలి. మొన ఎత్తును తాకితే అక్కడ గుడ్డ ముక్కులా పొడుచుకొస్తుంది. మొన దగ్గర వెనక్కు కుట్టకుండా దారాలు వదిలి చేత్తో ముడివేస్తే ఆ చోటు నున్నగా ఉంటుంది. కటోరి కోతలోనూ, ప్రిన్సెస్ కట్‌లోనూ టక్కు పని అతుకు చేస్తుంది. చూడటానికి అందంగా ఉన్నా, తర్వాత వదులు చేయడం వీటిలో కష్టం. మొదటి పది జాకెట్లూ నాలుగు టక్కులతోనే కుట్టడం మేలు.

మిషను కుట్టు రెండు దారాల పెనవేత. పై దారం సూది వెంట దిగితే, కింద బాబిన్ దారం దాన్ని పట్టుకుంటుంది. ఈ కుట్టు వేసే మిషనుకు ఎలియాస్ హోవ్ 1846లో, దాన్ని ఇళ్ళకు చేర్చిన మిషనుకు ఐజాక్ సింగర్ 1851లో అమెరికాలో పేటెంట్లు పొందారు. యంత్రాల మీద ఎన్నో అభ్యంతరాలున్న గాంధీ 1924లో ఒక సంభాషణలో సింగర్ కుట్టు మిషనును మాత్రం మినహాయించారు. చేతికుట్టుతో భార్య పడే శ్రమ చూడలేక సింగర్ దాన్ని తయారుచేశాడని ఆయన చెప్పుకొచ్చారు. రెండు దారాలూ సమంగా బిగిసి ఉంటే వాటి ముడి గుడ్డ మందంలోనే దాగుతుంది. కింద ఉచ్చులు కనిపిస్తే పై దారం వదులైందని గుర్తు. నూలు గుడ్డకు అంగుళానికి పది పన్నెండు కుట్లు సరిపోతాయి.

పక్క కుట్టులో లోపల వదిలిన గుడ్డ మీద అసలు కుట్టుకు బయటి వైపున, పావు అంగుళం ఎడంతో మరో రెండు కుట్లు వేస్తారు. ఒళ్ళు చేసినప్పుడు అసలు కుట్టు ఒక్కటీ విప్పితే చాలు, జాకెట్టు సిద్ధం. ఒక పక్క పావు అంగుళం వదిలితే ముందు వెనకలు కలిసి అర అంగుళం, రెండు పక్కలా అంగుళం పెరుగుతుంది. పురిటికి ముందు, తర్వాత, మందులు వాడే నెలల్లో, నడివయసులో ఒకే జాకెట్టు మనిషి వెంట నడిచేది ఈ కుట్ల వల్లే. దుకాణంలో వేలాడే తయారీ జాకెట్టును తిప్పి చూస్తే తరచుగా అక్కడ అర అంగుళం గుడ్డ, దాని చుట్టూ ఓవర్‌లాక్ దారం మాత్రమే ఉంటాయి.

ఆడపిల్లల పరికిణీలో ఇదే ఆలోచన నిలువుగా కనిపిస్తుంది. అంచుకు కాస్త పైన చుట్టూ అడ్డంగా ఒకటో రెండో మడతలు వేసి కుడతారు. అంగుళం లోతు మడత విప్పితే రెండు అంగుళాల పొడవు వస్తుంది. మూడేళ్ళ పండగలకు ఒకే పట్టు పరికిణీ పనికొస్తుంది. మడత విప్పాక వెలుగు తగలని గుడ్డ ముదురు రంగు గీతలా తేలుతుంది. దాని మీద సన్నని జరీ పట్టీ కుడితే అది ఉద్దేశించి పెట్టిన అలంకారంలాగే ఉంటుంది.

జోడింపు విషయానికొస్తే, నేత చీరకు జాకెట్టు ఎంచేటప్పుడు చీర ఒంటి రంగు కంటే అంచును చూడాలి. సాదా ఒంటికి నిజాం అంచున్న మంగళగిరి చీర మీద అంచు రంగు జాకెట్టు నప్పుతుంది. గళ్ళ నారాయణపేట చీర మీద గళ్ళు పెట్టకూడదు. పోచంపల్లి ఇక్కత్ ముక్కతో కుడితే బొమ్మ వీపు నడుమ, హుక్కుల గీతకు ఇటూ అటూ సరిగ్గా కలిసేలా ముందే గుర్తులు పెట్టుకోవాలి. ఇక్కత్‌లో పోగుకే రంగు అద్ది నేస్తారు కాబట్టి బొమ్మ అంచులు కాస్త మసకగా ఉండటం దాని లక్షణం, ఆ మసకను గీతకు గీత కలపాలని ప్రయత్నిస్తే అందం చెడుతుంది. పెడన అచ్చు కలంకారీలో నెమళ్ళు, కొమ్మలు ఒకే దిక్కుకు ఉంటే వెనక ముక్కను తలకిందులుగా పెట్టి గుడ్డ పొదుపు చేయకూడదు. బొమ్మలు పెద్దవైతే జాకెట్టు మొత్తానికి కాక చేతులకే వాడి, ఒంటికి సాదా గుడ్డ పెట్టడం ఎక్కువ నిండుగా ఉంటుంది. పేరంటాల్లో తాంబూలంతో వచ్చి బీరువాలో పేరుకుపోయే జాకెట్టు ముక్కలకూ ఇదే దారి. ఒక్కటి చాలకపోతే ఒకటి ఒంటికి, ఇంకొకటి చేతులకు.

మెడకు పైపింగ్ ఐమూల పట్టీతోనే వేయాలి, అంగుళంపావు వెడల్పు చాలు. వంపు వెంబడి చిన్న చిన్న గాట్లు పెట్టకపోతే అది ముడుచుకుంటుంది. హెమ్మింగు, హుక్కులు, కాజాలు చేత్తోనే. కాజా కుట్టు బిగువుగా, పక్కపక్కనే పడాలి. జాకెట్టు పాతబడ్డా కాజా ఊడకపోతే ఆ చేతికి పని వచ్చినట్టే.

చివరకు చిరుగుపట్టిన జాకెట్లూ, మెత్తబడిన నూలు చీరలూ బొంతకు వెళ్తాయి. నాలుగైదు చీరలను మడతలు సరిచేసి ఒకదాని మీద ఒకటి పరిచి, అంచుల నుంచి నడుమకు దబ్బనంతో కచ్చా కుట్టు వేస్తూ వస్తారు. జాకెట్ల వీపు ముక్కలు పైన అతుకులవుతాయి. లోపల వదిలిన గుడ్డ ఎండ చూడలేదు కనుక దాని రంగు వెలవదు. ఆ పట్టీలను విడిగా కత్తిరించి ఉంచుకుని బొంత చుట్టూ అంచుగా వేస్తారు.