డీజే పేరు వినిపిస్తుంది, డప్పు పేరు వినిపించదు

పోయిన ఎండాకాలం దామరచర్లలో ఒక పెళ్లికి వెళ్లాను. రాత్రి పదకొండు దాటాక బరాత్ బయల్దేరింది. ముందు డీసీఎం, దాని మీద మనిషెత్తు బేస్ బాక్సులు, వెనకాల జనరేటర్. బాక్సుల మధ్య ఇరవై ఏళ్ల కుర్రాడు, ఒక ల్యాప్‌టాప్, ఒక కంట్రోలర్. డీజే అంటే గోల అనుకునే మనిషిని నేను. రెండు గంటలు ఆ బండి పక్కనే నడిచాక ఆ మాట వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. పూర్తిగా కాదులెండి.

అతను చేసిందేంటో చెప్తాను. ఒక జానపద పాట పల్లవిని కోసి తీన్మార్ దరువు మీద కూర్చోబెట్టాడు. ఆడేవాళ్లు అలసిపోతున్నారని గమనించి వేగం తగ్గించాడు. తండా నుంచి వచ్చిన ఆడవాళ్లు ముందుకు రాగానే, దరువు ఆగకుండానే, బంజారా పాటలోకి మారాడు. ఒక్క మాట దగ్గర లూప్ పెట్టి తిప్పి తిప్పి, ఉన్నట్టుండి మొత్తం ఆపేశాడు. పాటని జనం అందుకున్నారు. అప్పుడు బేస్ వదిలాడు. పాటల వరస ముందే రాసిపెట్టుకుంటే ఇది జరగదు. సరుకు అరువుదే కానీ, ఆ రాత్రి కూర్పు మాత్రం అతనిదే.

1948లో పారిస్‌లో పియర్ షాఫర్ రైలు చప్పుళ్లని రికార్డు చేసి సంగీతంగా కూర్చితే ప్రయోగం అన్నాం. 1973లో న్యూయార్క్ బ్రాంక్స్‌లో డీజే కూల్ హర్క్ డ్రమ్స్ ముక్కలని సాగదీస్తే చరిత్ర అన్నాం. మిర్యాలగూడ రోడ్డు మీది కుర్రాణ్ని మాత్రం న్యూసెన్స్ అంటాం. చప్పుడు గురించిన ఫిర్యాదు నిజమే. 2024లో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలని నిషేధించారు కూడా. కానీ అది డెసిబెల్స్ మీద ఫిర్యాదు, సంగీతం మీద తీర్పు కాదు.

అరువు తెచ్చుకోవడం కూడా నాకు తప్పనిపించదు. తీన్మార్‌కి మర్ఫాతో చుట్టరికం ఉంది. ఆ మర్ఫా నిజాం కొలువులోకి వచ్చిన ఆఫ్రికా సిద్దీలతో, యెమెన్ అరబ్బులతో హైదరాబాద్ చేరింది.

నా పేచీ వేరే. కాసేపటికోసారి మిక్స్‌లో ఒక గొంతు డీజే పేరు, ఊరు చెప్తుంది. మరి దరువు వేసిన మనిషి పేరు?

"ఈ డప్పు ఎవరిది తమ్ముడూ?" అని అడిగాను.

"ప్యాక్‌ల వచ్చిందన్నా," అన్నాడు. అబద్ధం కాదు. అతనికి తెలిసింది అంతే.

1969లో ది విన్‌స్టన్స్ పాటలో గ్రెగరీ కోల్‌మన్ కొన్ని సెకన్లు డ్రమ్స్ వాయించాడు. ఆ ముక్క వేల పాటల్లో తిరిగింది. అతనికి రాయల్టీ రాలేదు. 2006లో నిలువ నీడ లేకుండా పోయాడు. మన ప్యాకుల్లో ఉన్న డప్పు కళాకారుడికి ఆ మాత్రం పేరు కూడా లేదు. కులం పేరుతో పిలిచి వాయించుకున్న చేతులవి. ఇప్పుడు మనిషి లేకుండానే దరువు దొరుకుతోంది.

ఆ పెళ్లిలో నిజం డప్పులూ ఉన్నాయి, పొద్దున ఎదుర్కోళ్లకి. బరాత్‌కి అక్కర్లేదన్నారట. వాళ్లలో పెద్దాయన ఇంకా వెళ్లలేదు, రోడ్డు పక్కన నిలబడి వింటున్నాడు.

"ఎట్లున్నదే తాతా?"

"పిలగాడు మంచిగనే కొడుతుండు. గాని డప్పు ఒక్క తీరే మోగుతది బిడ్డా. ఆడేటోళ్ల కాలు జూస్తలేదు."

ఇది అసూయ కాదు, నికార్సైన విమర్శ. ఆడేవాడు అడుగు ఆలస్యం చేస్తే సిర్ర దెబ్బ కూడా ఆగి పడుతుంది. మంట మీద కాచిన తోలు చల్లారేకొద్దీ మోత మారుతుంది. లూప్‌లో ప్రతి దెబ్బా ముందటి దెబ్బకి నకలే. కుర్రాడు జనాన్ని చూస్తూనే ఉన్నాడు, కానీ అతని చేతిలో ఉన్న దరువు మాత్రం ఎవర్నీ చూడలేదు.

వచ్చే బరాత్‌లోనైనా ఆ పెద్దాయన్ని బండి ఎక్కించి, ముందు ఒక మైకు పెట్టి, లూప్ ఆపి చూడమని ఆ కుర్రాడికి చెప్పాను. డీజే పేరు తర్వాత ఆయన పేరు కూడా చెప్పమన్నాను. "పెండ్లోళ్లు ఇద్దరికి పైసలియ్యరన్నా," అన్నాడు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. అక్కడ పెళ్లివాళ్ల తరఫున వెళ్లింది నేనే.