ఎంత దూరం నుంచి చూస్తారు?

తునిలో మా మేనత్త దగ్గరకు ఎవరైనా వచ్చి ఏదైనా చేసిపెట్టమంటే ఆవిడ ముందు రంగు అడగదు, కొలత అడగదు. "ఎంత దూరం నుంచి చూస్తారమ్మా?" అంటుంది. బడి వార్షికోత్సవంలో కొడుక్కి కృష్ణుడి వేషం వేయిస్తున్న తల్లికీ అదే ప్రశ్న, సంక్రాంతి కొలువులో పై మెట్టుకు ఇంకో రెండు బొమ్మలు కావాలన్న పక్కింటావిడకూ అదే ప్రశ్న.

ఆవిడ ఏ కళాశాలలోనూ చదవలేదు. చేసినది ఒక్కటి కూడా అమ్మలేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక నడవలో చాప వేసుకుని, కాఫీల వేళ వరకు కూర్చుంటుంది. పక్కన ఒక ట్రంకు పెట్టె. అందులో పాత పట్టుచీరల అంచులు, శుభలేఖల మీంచి ఒలిచిన బంగారు కాగితం, గాజు ముక్కలు, చమ్కీలు, పురికొస ఉండలు. ఒక వారం దేవుడి పటం గీస్తుంది, మరో వారం కాగితపు గుజ్జుతో బొమ్మ, ఇంకో నెల దుర్యోధనుడి కోటు. ఇన్ని పనులు దేనికి, ఒకటే పట్టుకుంటే అందులో పేరొచ్చేది కదా అని చిన్నప్పుడు అనుకునేవాణ్ని. ఆవిడ చేసేవన్నీ ఒకే విద్య అని తెలియడానికి నాకు చాలా కాలం పట్టింది. బొమ్మ అరచేతి దూరం, పటం చేతికందే దూరం, వేషం ముప్పై అడుగుల దూరం. చూసే కంటికీ చేసిన వస్తువుకీ మధ్య ఉన్న ఆ జాగాను బట్టే గీత లావు, రంగు గాఢత, బరువు, నునుపు అన్నీ మారతాయి.

అరచేతి దూరానికి మా వైపు పెద్దబడి ఏటికొప్పాక. తాండవ వంతెన దాటి, పాయకరావుపేట మీదుగా విశాఖ వైపు వెళ్లే హైవే పట్టుకుని, అడ్డరోడ్డు దగ్గర దిగి లోపలికి వెళ్లాలి. వరాహ నది ఒడ్డున ఊరు. అక్కడ బొమ్మకు కర్ర అంకుడు. మెత్తటి కర్ర, ఉలికి ఎదురు తిరగదు. తరిణి మీద గిర్రున తిరుగుతున్న కర్రకు రంగు కలిపిన లక్క కడ్డీ ఆనిస్తే, రాపిడికి పుట్టిన వేడికే లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది. కుంచె అక్కర్లేదు. ఆ తరువాత మొగలి ఆకును మడిచి ఒత్తిపడితే లక్క సమంగా పరుచుకుని అద్దంలా మెరుస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నేను ఆకు వైపే చూస్తూ ఉండిపోయాను. ముళ్ల పొదల్లో పెరిగే ఆకు పనిముట్టయింది.

పసిపిల్లలు బొమ్మను ముందు నోట్లో పెట్టుకుంటారు. అరచేతి దూరం అంటే చివరికి ఆ దూరం కూడా లేకపోవడమే. అందుకే చింతలపాటి వెంకటపతి రాజు గారు, అందరూ సి.వి. రాజు గారంటారు, రసాయన రంగుల నుంచి ఏటికొప్పాక కళాకారులను మళ్లీ గింజలు, వేళ్లు, బెరళ్లు, ఆకుల రంగుల వైపు మళ్లించడానికి పట్టిన పట్టు అంత విలువైనది. ఏటికొప్పాక బొమ్మకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. మా అత్తకు తరిణి లేదు. కాగితపు గుజ్జుతోనే చేస్తుంది. అయినా పరీక్ష మాత్రం అక్కడిదే: బొమ్మ పూర్తయ్యాక కళ్లు మూసుకుని వేళ్లతో తడుముతుంది. వేలికి ఎక్కడ తగిలితే అక్కడ మళ్లీ ఉప్పుకాగితం పడాల్సిందే.

పటం సంగతికొస్తే, ఆవిడ జీవితంలో ఒకే ఒక్క గురుకులం ఉంది. రాజమండ్రిలో దామెర్ల రామారావు చిత్రశాల. పుష్కరాలకో పెళ్లికో ఆ ఊరు వెళ్లినప్పుడల్లా అక్కడికి వెళ్లి నిలబడుతుంది. రామారావు 1897లో పుట్టాడు. ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆ కుర్రవాడి చేతిని గుర్తుపట్టి ప్రోత్సహించాడు. బొంబాయి జె.జె. స్కూల్లో చదివి, తిరిగి సొంత ఊరికే వచ్చి చిత్రకళకు ఒక బడి నిలబెట్టి, 1925లో 28 ఏళ్లు నిండకుండానే మశూచితో వెళ్లిపోయాడు. ఆయన భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా కుంచె పట్టినవాళ్లే. మా అత్తకు ఈ మాట చాలా ఇష్టం. ఒక ఇంట్లో ముగ్గురు బొమ్మలు వేసుకుంటూ కూర్చున్న మధ్యాహ్నాన్ని ఆవిడ తన నడవలో కూర్చుని ఊహించుకుంటుందనుకుంటాను.

నీటిరంగులో తెలుపు అంటే కాగితమే. ఒకసారి కప్పితే మళ్లీ రాదు. లేత పొర వేసి, ఆరనిచ్చి, దాని మీద ఇంకో పొర వేయాలి. తొందరపడి తడి మీద తడి వేస్తే బురదవుతుంది. చేతికందే దూరంలో చూసే పటంలో ఈ పొరలన్నీ కంటికి తెలుస్తాయి, ముంజేతి నీడలో కింది పొర పసుపు కూడా తెలుస్తుంది. అదే నేర్పును ముప్పై అడుగుల వేషం మీద చూపిస్తే ఎవరికీ కనబడదు.

ఇక వేషం. మా అత్త పనితనం అంతా నాకు ఇక్కడే కనిపిస్తుంది.

గోదావరి జిల్లాల్లో తీర్థం జరిగినా, శ్రీరామనవమి పందిరి వేసినా ఒకప్పుడు పద్యనాటకం లేనిదే నిండేది కాదు. ఆడేవాళ్లు చాలామంది టీచర్లు, రైతులు, గుమాస్తాలు. కరపత్రంలో హార్మోనియం పేరు పక్కనే డ్రెస్సులు, మేకప్ ఎవరివో కూడా అచ్చు వేసేవారు. ఆ గౌరవం ఊరికే రాలేదు. భరతుడు నాట్యశాస్త్రంలో అభినయాన్ని నాలుగుగా చెప్పి, అందులో ఒకటి ఆహార్యమన్నాడు. వేషమూ అభినయమే. రంగస్థలానికి కావలసిన వస్తువులను కలిపి కట్టేవి సంధిమం, యంత్రంతో కదిలేవి వ్యాజిమం, చుట్టి చేసేవి వేష్టిమం అని విడదీశాడు కూడా. నగలు బరువుగా ఉంటే నటుడు అలసిపోతాడు కాబట్టి లక్క, అభ్రకం, పల్చటి రేకు లాంటి తేలిక సరుకుతో చేయమన్నాడు. కూచిపూడి వాళ్లు బూరుగు కర్రతో నగలు చేయించుకున్నదీ ఈ లెక్కనే. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావుతో మొదలైన సురభి నాటక సమాజాల్లో కుటుంబమంతా వేషం కట్టినవాళ్లే.

మా అత్త కిరీటం ఎలా చేస్తుందో దగ్గర కూర్చుని చూశాను కాబట్టి చెప్పగలను. ముందు వేషగాడి తల చుట్టూ పురికొస తిప్పి, విగ్గు కోసం రెండు వేళ్ల వెసులుబాటు ఇచ్చి ముడి వేస్తుంది. ఆ కొలతకు సరిపడే బిందెను బోర్లించి, కాగితం అంటుకుపోకుండా ఆముదం రాస్తుంది. పాత పేపర్లను కత్తెరతో కోయదు, చేత్తో చింపుతుంది. చింపిన అంచు పీచు పీచుగా ఉండి పక్క ముక్కలో కలిసిపోతుంది, కోసిన అంచు గీతగా పైకి తేలుతుంది. మైదా గంజిలో నానబెట్టి నూరిన మెంతులు కలుపుతుంది. బుట్టలకూ చేటలకూ మెంతులు నూరి పట్టించిన పాత అలవాటే ఇది. అంటుకుంటుంది, చేదుకు పురుగు రాదు. ఒక పొర తెలుగు పేపరు, దాని మీద పొర ఇంగ్లీషు పేపరు. తెలుగు అక్షరం ఎక్కడా కనబడలేదంటే ఆ పొర పూర్తయినట్టు. అలా ఎనిమిది పొరలు. ఎండలో పెట్టదు. పైన ముందు ఆరి, లోపల తడి మిగిలితే వంకర పోతుంది. నీడలో, ఫ్యాను గాలికి మూడు నాలుగు రోజులు.

ఆరాక పురికొసతో లతలు, కాగితపు గుజ్జుతో మామిడి పిందెలు. తుని మామిడి ఊరు, ఆ పిందె వంపు ఆవిడ వేలికి అలవాటు. సుద్ద, జిగురు కలిపిన పూత ఒకటి. బంగారు కాగితం అతికించే ముందు కిరీటమంతా పసుపు రంగు వేస్తుంది. కాగితం ఎక్కడైనా చిరిగినా, మడత విప్పుకున్నా లోపలి నుంచి పసుపే కనిపిస్తుంది గానీ తెలుపు కనిపించదు.

ఇక్కడి నుంచి దూరం లెక్క. సన్నటి పనంతా ముప్పై అడుగుల్లో కలిసిపోయి ముద్దవుతుంది. అందుకని లత బొటనవేలంత లావు ఉండాలి, రెండు లతల మధ్య ఖాళీ కూడా అంతే ఉండాలి. ఖాళీ ఉంటేనే లత కనిపిస్తుంది. పైకి లేచిన ప్రతి అంచు కింద నల్లగీత గీస్తుంది, దూరానికి అది నీడలా పనిచేస్తుంది. అద్దం బిళ్లలను పలకగా అతికించదు, ఒక్కొక్కటి ఒక్కో వైపు కాస్త వాల్చి పెడుతుంది. నటుడు తల తిప్పినప్పుడల్లా ఏదో ఒక అద్దం దీపాన్ని పట్టుకుంటుంది. పసుప్పచ్చటి బల్బుల వెలుగులో ముదురు నీలం నలుపైపోతుంది కాబట్టి కృష్ణుడి నీలంలో తెలుపు ఎక్కువ కలుపుతుంది.

ఈ నేర్పంతా మన తోలుబొమ్మల వాళ్లకు ఏనాటి నుంచో ఉంది. కాకినాడ దగ్గర మాధవపట్నంలో ఇప్పటికీ ఆ కుటుంబాలున్నాయి. మేకతోలును వెలుగు దాటేంత పల్చగా చేసి రంగులు వేస్తారు. నగలు ఉన్నచోట మాత్రం రంగును నమ్ముకోరు, ఉలితో కంతలు కొడతారు. తెర వెనక దీపం వెలిగితే ఆ కంతలే ముత్యాలు. పగలు చేతిలో పట్టుకుని చూస్తే వట్టి చిల్లులు. తోలుబొమ్మను దగ్గర నుంచి చూసి మొరటు అనేవాళ్లు కూర్చోవలసిన చోట కూర్చోలేదనే నేనంటాను.

ఆరో తరగతిలో నేను కృష్ణుడి వేషం వేసినప్పుడు కిరీటం లోపల గుడ్డ కుట్టేదాకా నేను ఆగలేదు. తెచ్చేసుకున్నాను. రెండో పద్యానికే చెమటకు కాగితం మెత్తబడి, కిరీటం కనుబొమల మీదికి జారింది. పద్యం మధ్యలో చేయి ఎత్తి సర్దుకున్నాను. ముందు వరుసలో కూర్చున్న అత్త ముఖం ఇప్పటికీ గుర్తుంది. ఆ రోజు నుంచి ఆవిడ ఏ కిరీటాన్నీ పాత పంచె గుడ్డతో లోపల అస్తరు కుట్టకుండా ఇంటి గడప దాటించలేదు. కోట్లకు కూడా అంతే. మఖమలును ఉతకలేం కాబట్టి లోపలి నూలుగుడ్డను విడిగా టాకాలు వేస్తుంది, ఆట అయ్యాక ఊడదీసి ఉతకొచ్చు. హుక్కులు పెట్టదు, నాడాలు పెడుతుంది. ఈ ఏడు ఒకడు వేసుకున్న కోటు వచ్చే ఏడు వాడికన్నా లావు మనిషి వేసుకోవాలి.

ఇలా అన్నిటిలో చేయి పెట్టడాన్ని మన దగ్గర తక్కువ చేసి చూడనవసరం లేదు. భీమవరం వైపు నుంచి వచ్చిన అడివి బాపిరాజు నవలలు రాశాడు, బొమ్మలు వేశాడు, 1936లో 'అనసూయ', 'ధ్రువవిజయం' సినిమాలకు కళాదర్శకత్వం చేశాడు. చిత్రకారుడి కన్నే సెట్టును, వేషాన్నీ చూసింది. మా అత్త పేరు ఏ పుస్తకంలోనూ ఉండదు. కానీ మా వీధిలో పదేళ్ల పిల్లలకు కాగితం చింపాలా కోయాలా అన్నది తెలుసు. అమ్మకానికి చేసేవాడు ఒక వస్తువు దగ్గర ఆగక తప్పదు, అది బతుకుతెరువు. ఆవిడకు ఆ కట్టుబాటు లేదు కాబట్టి బొమ్మ దగ్గర నేర్చిన నునుపును కిరీటం లోపలి అంచుకు తీసుకుపోయింది. వేషం దగ్గర నేర్చిన నల్లగీతను కొలువులో అన్నిటికన్నా పై మెట్టు మీది బొమ్మకు తెచ్చింది.

ఇప్పుడు ఆవిడకు కొత్త చిక్కు వచ్చింది. ముప్పై అడుగుల కోసం చేసిన కిరీటాన్ని తల్లిదండ్రులు ఫోనులో దగ్గరకు లాగి తీస్తున్నారు. జానెడు దూరంలో ఆ నల్లగీతలు మసిలా కనిపిస్తున్నాయి. ప్లాస్టిక్ కిరీటం కొనడం ఇంకా తేలిక. ఆవిడ విసుక్కోలేదు. నల్ల గీతకు బదులు ముదురు ఎరుపు వేసి చూసింది, దూరానికి నీడగానూ దగ్గరకు కెంపుగానూ కనిపిస్తోంది.

మొన్న వెళ్లినప్పుడు సందె వేళ ఇంట్లో లేదు. కిరీటం మాత్రం ప్రహరీ గోడ మీద ఉంది, పక్కన ఒక బల్బు వేలాడుతోంది. వీధి చివర కిళ్లీకొట్టు దగ్గర నిలబడి, తుని తమలపాకులు కట్టలు కడుతున్న అబ్బాయిని కూడా పక్కకు జరిపి, అక్కడి నుంచి చూస్తోంది. నన్ను చూసి కేకేసింది. "ఒరేయ్ నాన్నా, దాన్ని కాస్త కుడివైపు తిప్పు. ఎడమ పక్క చీకటిగా ఉంది, ఇంకో నాలుగు అద్దాలు పడాలి."