వచ్చినవాళ్ల పేట

బాబుపేటా, నీకో స్తోత్రం బాకీ ఉంది.

అట్లాంటా పోయినవాళ్ల మీద, డాలస్ పోయినవాళ్ల మీద మన పత్రికలు కావలసినంత రాశాయి. వీసా వరస, మొదటి మంచు, మొదటి కారు, ఊరవతల కట్టుకున్న వెంకన్న గుడి, అన్నీ అచ్చయ్యాయి. కాజీపేటలో పాసింజరెక్కి, సిర్పూర్ దాటి, వార్ధా వంతెన దాటి, బల్లార్షాలో దిగి, రేకుపెట్టె నెత్తికెత్తుకుని నిన్ను వెతుక్కుంటూ వచ్చినవాళ్ల గురించి నేను చదివింది తక్కువ. పాస్‌పోర్టు మీద ముద్ర పడకపోతే వలస కింద లెక్క రాదేమో మనవాళ్లకి. నాకైతే వస్తుంది. తెలియని భాషలో మొదటిసారి ఉప్పు కొనుక్కోవలసిన భయం సముద్రం దాటినవాడికీ ఒకటే, నది దాటినవాడికీ ఒకటే.

నువ్వు చంద్రపూర్‌కి దక్షిణపు గడపవి. 1964 దాకా ఆ ఊరు చాందా. ఇరై, ఝరపట్ నదుల నడుమ కోటగోడ. జట్పురా, అంచలేశ్వర్, పఠాన్‌పురా, బినబా అని నాలుగు దర్వాజాలు. ఆ గోడ గోండు రాజులది. రాణి హిరాయి తన భర్త బీర్ షా కోసం కట్టించిన సమాధి అంచలేశ్వరుడి పక్కన ఇంకా నిలబడే ఉంది. మావాళ్లు వచ్చేసరికి ఆ రాజ్యం పోయి చాలా కాలమైంది. తిరగబడ్డ గోండు వీరుడు బాబూరావు షెడ్మాకేని తెల్లవాళ్లు 1858 అక్టోబరు 21న ఈ చాందా జైల్లోనే ఉరి తీశారు. స్తోత్రంలో ఉరి ఏమిటని అడగకు. ఎవరి నేల మీద ఎవరు బతకడానికొచ్చారో చెప్పకపోతే ఈ పాట నా నోట రాదు. అమెరికా తన గురించి తాను పాడుకున్న పాటల్లో చాలాకాలం ఆ చరణం లేదు.

తెలుగు నీ దగ్గరికి రైలుకంటే ముందే చేరింది. లాల్‌పేట వైపు ఆరుబయట ఉండిపోయిన ఆ ఏకశిలా విగ్రహాలే సాక్ష్యం. పదితలల దేవిని చూసి జనం రావణుడనుకుంటారు. రాయప్ప అనే కోమటి శివాలయం తలపెట్టి వాటిని చెక్కించాడని, గుడి లేవకముందే కన్నుమూశాడని తరతరాల మాట. లాభం చూసుకుని సొంతూరికి పోవలసిన వ్యాపారి, పరాయి రాజ్యంలో కొండంత రాళ్లు తొలిపించడమేమిటి? అద్దె ఇంటి పెరట్లో మామిడి మొక్క నాటేవాడి ధైర్యం అది. ఆ ధైర్యానికే, బాబుపేటా, నా మొదటి దండం.

ఇక రైలు కాలానికి వద్దాం. 1924లో అమెరికా కోటా చట్టం చేసింది. పోలండు నుంచి, ఇటలీ నుంచి వచ్చేవాళ్లని బాగా తగ్గించేసింది. ఆసియావాళ్లకి ఇంచుమించు తలుపే వేసేసింది. అప్పటికి పెన్సిల్వేనియా బొగ్గుగనుల్లో తట్టలు నింపింది ఆ పోలండువాళ్లూ ఆ ఇటలీవాళ్లే. సరిగ్గా ఆ రోజుల్లోనే నిజాం రైలుపట్టా కాజీపేట నుంచి ఉత్తరంగా అడవిని కోసుకుంటూ వస్తోంది. 1929కల్లా బల్లార్షా కలిసింది. మద్రాసుకీ ఢిల్లీకీ తోవ పడిందని చరిత్ర పుస్తకాలు సంబరపడతాయి. ఆ తోవలో ఎక్కువగా నడిచింది దొరలు కారు, దొరల దగ్గర వెట్టి చేసినవాళ్లు.

కరీంనగర్ పల్లెలవాళ్లు కొందరు షోలాపూర్ మగ్గాల దగ్గరికి పోయారు, కొందరు భివండీకి, కొందరు బొంబాయికి. ఆదిలాబాద్‌వాళ్లకి మాత్రం నువ్వు నదికి అవతలి గట్టువే. ఎండిన చెరువు, తీరని అప్పు, గడీ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ తండ్రి, ఇవి వెనక. ముందు మహాకాళి, రయ్యత్‌వారీ, హిందుస్తాన్ లాల్‌పేట్ బొగ్గుబాయిలు. పక్కనే బల్లార్‌పూర్‌లో 1945లో మొదలైన కాగితం మిల్లు. గడీలో పనికి లెక్క లేదు. బాయిలో మస్టరు ఉంది. మస్టరులో పేరు, పేరుకి ఎదురుగా హాజరు, హాజరుకి కూలి. ఎవడి పొగరు చేతుల్లోంచో కాక కాగితంలోంచి కూలి వచ్చిన మొదటి రోజు ఎంత పెద్ద రోజో, వీసా దొరికిన రోజుతోనే పోల్చాలి. ముకద్దం మోసం చేయలేదని కాదు, చేశాడు. అయినా ముకద్దం మీద ఫిర్యాదు చేయొచ్చు, దొర మీద అదీ లేదు. యూనియను జెండా కింద నిలబడి గొంతెత్తడం మావాళ్లు నేర్చింది ఆ నలుపులోనే. 1973లో గనులు సర్కారువయ్యాయి, 1975లో వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ పుట్టింది. క్వార్టరు, పీఎఫ్, ఆస్పత్రి, చావు వస్తే ఇంట్లో ఒకరికి కొలువు: నాలుగు మాటల్లో ఒక తరం తలరాత మారింది.

బాయిలో దిగాక అందరి ముఖాలూ ఒకటే రంగు. పైకొచ్చి కడుక్కోగానే కులం మళ్లీ బయటపడేది. దాన్ని కడిగేయాలని చూసినవాడు నీ పక్కకే వచ్చాడు. 1956 అక్టోబరు 16న, నాగపూర్ దీక్షకి రెండు రోజుల తర్వాత, అంబేద్కర్ చంద్రపూర్‌లో వేలమందికి బౌద్ధ దీక్ష ఇచ్చాడు. పదహారు రోజులకి, నవంబరు 1న, రాష్ట్రాల గీతలు మళ్లీ గీశారు. అవతలి గట్టున ఉన్న రాజురా ఆదిలాబాద్ జిల్లా నుంచి బొంబాయి రాష్ట్రంలోకి వచ్చింది. నిన్నటిదాకా ఒకే నిజాం కింద ఉన్న అన్నదమ్ముల మధ్య సరిహద్దు పడింది. ఆ రెండు తేదీల నడుమ మనిషి మతం మారింది, పక్క ఊరి రాష్ట్రం మారింది; బాయిలో షిఫ్టు మాత్రం మారలేదు.

ఆడవాళ్ల గురించి చెప్పకుండా నిన్ను పొగడటం దొంగ పొగడ్త. మగవాళ్లు నేల కింద ఉన్నంతసేపూ నేల పైన ఊరిని ఊరుగా నిలబెట్టింది వాళ్లే. తంగేడు, గునుగు ఇటువైపూ పూస్తాయని వెతికి పట్టుకున్నది వాళ్లే. బతుకమ్మని పేర్చి, పక్కింటి మరాఠీ వహినిని చెయ్యి పట్టుకుని ఆటలోకి లాగిందీ వాళ్లే. ఆ వహిని సంక్రాంతికి హల్దీ-కుంకూకి పిలిచి తిల్‌గుళ్ పెడితే, వీళ్లు సకినాలు పంపారు. తాన్హా పోళాకి పిల్లలు కొయ్యఎడ్లని అలంకరించి ఇంటింటికీ తిప్పుతుంటే ఏ ఎద్దు తెలుగుదో ఏది మరాఠీదో కొయ్య మీద రాసుండదు. చైత్రంలో మహాకాళి జాతరకి మరాఠ్వాడా నుంచి, తెలంగాణ నుంచి జనం దిగుతారు. అమ్మవారు ఏ భాషలో మొక్కినా వింటుంది. మనవళ్లు ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో దేవనాగరి రాసి, కోపం వస్తే హిందీలో తిడతారు. తెలుగు చచ్చిపోతోందని పెద్దలు బాధపడతారు. నేను అంత బాధపడను. సగం మరాఠీ కలిసిన ఆ తెలుగులో లాలిపాట పాడితే పసివాడు నిద్రపోతున్నాడు కదా!

నీ మీద కోపం కూడా ఉంది. అవతల దుర్గాపూర్ దగ్గర 2920 మెగావాట్ల థర్మల్ కేంద్రం దూరపు ఊళ్లకి వెలుగు పంపుతుంది. నువ్వు ఆరేసిన బట్టల మీద బూడిద దులుపుకుంటావు. వేసవిలో దేశంలోకెల్లా వేడెక్కే ఊళ్ల జాబితాలో నీ ఊరి పేరు తరచు పైనే ఉంటుంది. ఓపెన్ కాస్టు గోతులు పొలాలని తిన్నాయి, గోండు గూడేలని తిన్నాయి. మా అన్నం ఆ గోతుల్లోంచే వచ్చింది. ఈ లెక్క ఎలా సరిచేయాలో స్తోత్రానికి చేతకాదు.

తూర్పు బెంగాల్ నుంచి తరిమివేయబడ్డవాళ్లు వస్తే ఊరు బెంగాలీ క్యాంప్ అని చోటిచ్చింది. ఇప్పుడు బిహార్, జార్ఖండ్, ఒడిశా కుర్రాళ్లు వస్తున్నారు, కాంట్రాక్టు పనికి. కాలనీ అరుగు మీద కూర్చున్న మా ముసలాయన, పాసింజరు దిగి వచ్చినవాడి కొడుకే, వాళ్లని చూసి "ఈ బయటోళ్లతో ఊరు పాడైంది" అంటున్నాడు. 1924లో వాషింగ్టన్‌లో ఆ కోటా చట్టానికి ఓట్లేసినవాళ్లూ వలసవాళ్ల మనవళ్లే. బాబుపేటా, ముసలాయన మాట పట్టించుకోకు. ఆ కుర్రాడు గది అడిగితే కిరాయి ఎంతో సరిగ్గా చెప్పు, నల్లా నీళ్లు ఎన్ని గంటలకొస్తాయో చెప్పు, ఆధార్ జిరాక్స్ ఒక్కటి చాలను.