కార్ల్ సేగన్ చెప్పే తీరు

టెలివిజన్‌లో శాస్త్ర విషయాలు చెప్పేవారు రెండు రకాలు. మనిషి ఏమి తెలుసుకున్నాడో చెప్పేవారు కొందరు, అది ఎలా తెలిసిందో చెప్పేవారు కొందరు. మొదటి రకానికి ఏనాడూ కొదవ లేదు. రెండవ రకంలో కార్ల్ సేగన్‌కు సాటి రాగలవారు బహు కొద్దిమంది అని మా అభిప్రాయం. 1980 సెప్టెంబరులో అమెరికాలో పి.బి.ఎస్. ద్వారా ప్రారంభమైన 'కాస్మాస్' పదమూడు భాగాలను ఇక్కడ స్థిరపడిన మన కుటుంబాలలో చాలామంది చూసే ఉంటారు. తరువాత టేపులు తెచ్చి పిల్లలకు చూపించినవారూ ఉన్నారు. అది గొప్ప కార్యక్రమమని అందరూ అనేదే. ఎందువల్ల గొప్పదో, ఎక్కడ తూకం తప్పిందో కాస్త విచారించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

సేగన్ కార్నెల్ విశ్వవిద్యాలయంలో ఖగోళశాస్త్ర ఆచార్యులు. వైకింగ్, వాయేజర్ వంటి అంతరిక్ష యాత్రలలో పాలుపంచుకున్నవారు. అయితే పాండిత్యం వేరు, చెప్పే విద్య వేరు. ఆయన ఆ రెండవ విద్య ఎలాటిదో తెలియాలంటే మొదటి భాగంలోని ఎరటోస్తనీస్ ఘట్టం చూడాలి.

రెండువేల రెండువందల ఏళ్ళ నాటి మాట. ఈజిప్టులోని సయనీ పట్టణంలో ఏడాదికి ఒకరోజు మిట్టమధ్యాహ్నం నిలువు కర్రకు నీడ పడదు. అదే వేళ అలెగ్జాండ్రియాలో నీడ పడుతుంది. ఈ సంగతి చెప్పడానికి సేగన్ చేతిలోకి తీసుకున్నది ఒక అట్ట, దానిమీద నిలబెట్టిన రెండు చిన్న స్తంభాలు. అట్ట చదునుగా ఉన్నంతసేపూ రెండు నీడలూ సమానమే. అట్టను వంచగానే నీడలలో తేడా వచ్చింది. భూమి వంపు తిరిగి ఉన్నదని మన కళ్ళే మనకు చెప్పాయి. ఆ తేడా సుమారు ఏడు డిగ్రీలు, అంటే వృత్తంలో ఏభయ్యో వంతు. రెండు ఊళ్ళ మధ్య దూరం 800 కిలోమీటర్లు. ఏభై పెట్టి హెచ్చవేస్తే భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లు. కర్రలు, నీడలు, అడుగులు, ఆలోచన - ఇంతకు మించి పనిముట్టు లేదు. ఈ లెక్క చూసిన పదేళ్ళ పిల్లవాడు మర్నాడు వాకిట్లో కర్ర పాతి చూడగలడు. మంచి ఉపాధ్యాయుడి లక్షణం ఇదే.

ఇటువంటివే మరికొన్ని. కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కాలేజి భోజనశాలలో కూర్చుని ఆపిల్ పై ముక్కను సగానికి, ఆ సగాన్ని మళ్ళీ సగానికి కోస్తూపోతే సుమారు తొంభై కోతలలో పరమాణువు దగ్గరకు చేరతామని చెబుతారు. విశ్వం వయస్సు మొత్తాన్ని ఒక్క సంవత్సరపు క్యాలెండరుగా మడిచి, మనుషులు రాసిపెట్టుకున్న చరిత్ర అంతా డిసెంబరు 31 అర్ధరాత్రికి ముందు పది సెకండ్లేనని చూపుతారు. ఊహకు అందని అంకెను ఇంట్లో వాడే వస్తువు పక్కన పెట్టడం ఆయన పద్ధతి. బ్రూక్లిన్‌లో తాను చదువుకున్న బడికి వెళ్ళి, గ్రహాల ఫొటోలు పంచిపెట్టి, పిల్లల ప్రశ్నలకు జవాబు చెప్పిన ఘట్టంలో ఆయన ఎంత చెప్పారో అంత విన్నారు కూడా.

ఇక గొంతు. 'బిలియన్' అన్న మాటలో 'బ'కారాన్ని ఒత్తి పలకడం చూసి హాస్యగాళ్ళు అనుకరించారు. ఆయన అలా ఒత్తింది వినేవారు 'మిలియన్' అని పొరపడకుండా ఉండడానికి. ఆయన పేరిట చెలామణి అయిన 'బిలియన్లు, బిలియన్లు' అన్న మాట జానీ కార్సన్ పరిహాసంలోది గాని, కాస్మాస్‌లోది కాదు.

గుణాలు చెప్పి దోషాలు దాచడం విమర్శ అనిపించుకోదు. ఊహానౌకలో కూర్చుని నక్షత్రాల వైపు చూసే సేగన్ ముఖాన్ని కెమెరా మరీ ఎక్కువసేపు చూపిస్తుంది. నక్షత్రాన్ని చూపితే ఆశ్చర్యం మాకే కలుగుతుంది. ఆశ్చర్యపోయే ముఖాన్ని చూపడమంటే మా పని ఆయన చేసిపెట్టడమే.

ఇంతకన్నా పెద్ద దోషం హైపేషియా కథలో ఉంది. హరికథలో పిట్టకథ అసలు కథకు బలం ఇవ్వాలి. ఇక్కడ పిట్టకథే అసలు కథను మింగింది. క్రీ.శ. 415లో ఆ విదుషీమణిని అల్లరిమూక చంపిన మాట నిజం. కాని ఆమె మరణాన్నీ అలెగ్జాండ్రియా గ్రంథాలయ వినాశనాన్నీ ఒకే విషాదంగా ముడిపెట్టడం చరిత్రకు నిలవదు. ఆ గ్రంథాలయం ఒక్కనాడు పోయినది కాదు, ఆమె నాటికే దాని ప్రాభవం చాలా వరకు అంతరించింది. నీడ కొలిచి చూపిన మనిషి ఇక్కడ కొలవకుండానే కన్నీరు పెట్టించారు.

మనవాళ్ళందరూ జ్ఞాపకం పెట్టుకున్నది పదవ భాగం. తమిళనాడులోని చోళుల కాలపు ఆలయం, పొంగలి పండుగ, అంటే మన సంక్రాంతి, నటరాజ విగ్రహం. బ్రహ్మదేవుని ఒక పగలూ రాత్రీ 864 కోట్ల సంవత్సరాలనీ, నేటి విశ్వశాస్త్రపు కాలమానానికి దీటైన లెక్క హిందూమతంలోనే ఉన్నదనీ సేగన్ చెప్పారు. పరాయి దేశంలో, పరాయి నోట ఆ మాట వినడం తీపిగానే ఉంటుంది. మన సభలలో ఆ మాట తరచు వినబడుతుంది కూడా. కాని ధారావాహికతో పాటు వెలువడిన పుస్తకంలో ఆ పోలిక యాదృచ్ఛికమేనని ఆయన స్పష్టంగా అన్నారు. ఆ మాట మన సభలలో వినబడదు.

యాదృచ్ఛికమన్నంత మాత్రాన మన పూర్వుల గౌరవం తగ్గదు. అంత దీర్ఘమైన కాలాన్ని ఊహించడమే గొప్ప. అంకె కలిసిందని గర్వపడితేనే చిక్కు. సేగన్ క్యాలెండరు విశ్వానికి 1500 కోట్ల సంవత్సరాలు వేసుకుంది. కొత్త కొలతల మీదట నేటి లెక్క సుమారు 1380 కోట్లు. శాస్త్రం తన అంకెను దిద్దుకుంటుంది, దిద్దుకోవడమే దాని ధర్మం. పురాణం అంకె దిద్దుకోదు. కదిలే గుంజకు మన గౌరవాన్ని కట్టుకోవడం తెలివైన పని కాదు.

సేగన్ 1996లో కన్నుమూశారు. 2014లో నీల్ డిగ్రాస్ టైసన్ వ్యాఖ్యాతగా కాస్మాస్ కొత్త రూపంలో వచ్చింది. బొమ్మలు మెరుగయ్యాయి గాని, ఆ అట్టముక్కకు సాటివచ్చే బొమ్మ మాకు కనబడలేదు.

పిల్లలతో కలిసి పాత కాస్మాస్ చూడదలచిన తల్లిదండ్రులకు ఒక మనవి. నటరాజస్వామి ఘట్టం ఒక్కటే తీసి చూపకండి. నీడల ఘట్టంతో మొదలుపెట్టండి. అది చూసిన పిల్లలు ప్రతిదానికీ "ఎలా తెలిసింది?" అని అడగడం నేర్చుకుంటారు. అదే ప్రశ్న రేపు మన తిథులను గురించీ, గ్రహణం పట్టు విడుపులను గురించీ మననే అడుగుతారు. "పెద్దలు చెప్పారు" అని కసురుకుంటే అక్కడితో వారు మన సంగతులు అడగడం మానేస్తారు. తెలిసినంత చెప్పి, తెలియనిది కలిసి వెతుకుదామంటే మన దగ్గరే కూర్చుంటారు.